అవ్వ చుట్టిన పైపు

పోయిన నెల హసన్‌పర్తిలో మా తమ్ముడి కొడుకు కొత్త ఇంట్లో పాలు పొంగించాడు. మూడంతస్తుల ఇల్లు. పడకగదులకన్నా స్నానాల గదులు ఎక్కువ, మనుషులకన్నా నల్లాలు ఎక్కువ. భోజనాల వేళకు చేతులు కడుక్కునే చోట ఒక నల్లా మొదలు దగ్గర కారడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు, ఎవరూ వంగలేదు. ఇంతలో మా చిన్నాయన కొడుకు వచ్చి, కారుతున్న నీళ్లను ఒకసారి చూసి, "ఏందిరా, దీన్ని మా రాజవ్వ పెద్దమ్మ చుట్టిందా ఏంది?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ మాట వెనక సంగతి తెలియని పిల్లలు కూడా నవ్వారు. రాజవ్వ అంటే మా అమ్మ. మేము ఆమెను అవ్వ అనే పిలుస్తాం. ఎనభై దాటిన అవ్వ అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె కూడా నవ్వింది.

మా బంధువుల్లో ఈ మాటకు యాభై ఏళ్లు దాటాయి. ఎక్కడ ఏది కారినా, అది పెన్ను కానీ, స్లాబు కానీ, చంటిపిల్లవాడి ముక్కు కానీ, దాన్ని మా అవ్వే చుట్టినట్టు లెక్క. బాపు అని పిలిచే మా నాన్న పోయాడు, కాశిబుగ్గలో ఇల్లు పోయింది, మగ్గం ఎప్పుడో పొయ్యిలోకి పోయింది, ఈ మాట మాత్రం చెక్కు చెదరకుండా మిగిలింది. నేనూ చాలాసార్లు నవ్వాను. నవ్వడమేమిటి, ఉద్యోగం చేసే రోజుల్లో స్టాఫ్ రూములో దీన్ని అభినయంతో సహా చెప్పి టీ తాగించుకున్నాను. అందుకే ఇప్పుడు ఇది రాయవలసి వచ్చింది.

కాశిబుగ్గలో మా ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. తూర్పున వాకిలి, వాకిలి దాటితే మగ్గం గది, దాని వెనక బాపు తల్లి, మా బాపమ్మ, మంచం వేసుకున్న చీకటి గది, అన్నిటికన్నా వెనక, పడమటి కొసన, వంటిల్లు. వీధిలోంచి ఏది వంటింటికి చేరాలన్నా మగ్గం గదిలోంచే నడవాలి. మాది గుంత మగ్గం. నేయడానికి కూర్చున్న మనిషి కాళ్లు నేలలో తవ్విన గుంతలో ఉంటాయి, నిలువుగా సాగదీసిన పడుగు దారాలు నేలకు జానెడు ఎత్తులో పరచుకుని ఉంటాయి. గది నిండా గంజి పులిసిన వాసన, రంగు వాసన, వాటి మధ్యలోకి బాపమ్మ పొగాకు వాసన. ఆ మూడూ కలిస్తే మా ఇంటి వాసన. పొద్దున లేచింది మొదలు అవ్వ గల్లీ చివరి నల్లా దగ్గర వరుసలో నిలబడి, బిందె చంకన పెట్టుకొని, మగ్గం పక్కన గోడకు ఆనుకొని వంటింటికి నడిచేది. ఒక్క చుక్క పడుగు మీద పడితే గంజి కరుగుతుంది, దారం అంటుకుంటుంది. అవ్వ నడుస్తున్నంతసేపూ బాపు దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె ఆపి బిందె వంకే చూసేవాడు. లేచి బిందె అందుకోవచ్చన్న ఆలోచన మాత్రం ఆయనకు ఎన్నడూ రాలేదు. చూడటమే పెద్ద సాయం అనుకునేవాడు.

అవ్వకు మా గల్లీలో ఒక పేరు ఉండేది. ఎవరింట్లో కొత్త పడుగు మగ్గానికి ఎక్కించినా మొదటి కండె అవ్వే చుట్టాలి. కండె అంటే నాడెలో పెట్టే నూలు చుట్టిన చిన్న పుల్ల. రాజవ్వ చెయ్యి పడితే దారం తెగదు, బట్ట వేలెడు కూడా వంకర పోదు అని నమ్మకం. పళ్లెంలో చిలపగా చుట్టిన నూలు కట్ట, పసుపు కుంకుమ, కొబ్బరి చిప్ప పెట్టుకొని ఇంటావిడ మా వాకిట్లోకి వచ్చి, "రాజవ్వా, జర నీ చెయ్యి పెట్టు" అనేది. అవ్వ అప్పుడు ముఖం కడుక్కొని, తల దువ్వుకొని, చరఖా ముందు కూర్చునేది. రోజుకు వందల కండెలు చుట్టే ఆమెకు ఆ ఒక్క కండె చుట్టేటప్పుడు మాత్రం వెన్ను నిటారుగా అయ్యేది. ఇంట్లో ఆమెకు తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ పేరు ఒక్కటే. నగలు లేవు, చదువు లేదు, పుట్టింటి అండ లేదు. చెయ్యి ఉంది.

బాపు సంగతి వేరు. ఆయనకు చేతకాని పని లోకంలో ఇంకా పుట్టలేదని ఆయన అభిప్రాయం. గోడ గడియారం ఆగితే విప్పి మళ్లీ బిగించాడు. అప్పటినుంచి అది నడిచింది, కాకపోతే పడుకోబెడితేనే నడిచేది. గడియారం మా ఇంట్లో బియ్యం డబ్బా మీద వెల్లకిలా పడుకుని ఉండేది, టైము చూడాలంటే వంగి చూసేవాళ్లం. గొడుగు బాగుచేస్తే తెరుచుకునేది, మూసుకునేది కాదు. దాన్ని ఎండాకాలమంతా తెరిచే ఉంచాం. ఎవరైనా పనివాణ్ణి పిలుద్దామంటే, "గదేమన్న బ్రహ్మవిద్యనా? వాడు మాత్రం తల్లి కడుపులకెల్లి నేర్చుకొని వచ్చిండా?" అనేవాడు. ఈ ఒక్క ప్రశ్నకు మా ఇంట్లో ఎన్నడూ ఎవరూ జవాబు చెప్పలేకపోయాం.

అలాంటి ఇంటికి నల్లా కనెక్షన్ వచ్చింది. మున్సిపాలిటీ మనుషులు వచ్చి వాకిలి దాకా పైపు వేసి, అక్కడ ఒక మూత బిగించి, "లోపలిది మీ పని" అని వెళ్లిపోయారు. ఆ రోజు అవ్వ ఆ మూత దగ్గర నిలబడి, అక్కడినుంచి వంటింటి దాకా కళ్లతో కొలుచుకోవడం నాకు గుర్తుంది. గల్లీలో పైపుల పని చేసేది ఖాసిం భాయ్ ఒక్కడే. ఆయన పండుగ దాటనిచ్చి వస్తానన్నాడు. ఆ నాలుగు రోజులు బాపు ఆగితే ఈ అధ్యాయం ఉండేది కాదు. బాపు ఖాసిం భాయ్ దుకాణం ముందు అరపూట నిలబడి ఆయన ఇంకెవరికో చేస్తున్న పని చూసి వచ్చాడు. విద్య పూర్తయింది.

"పైపు కొసకు నూలు చుట్టాలె, మీద సఫేదా పుయ్యాలె, తిప్పి బిగియ్యాలె. ఇంతే!" అని ఇంటికి వచ్చి ప్రకటించాడు. సఫేదా అంటే తెల్లటి ముద్ద, సందుల్లోంచి నీరు రాకుండా పూసేది. "నూలు చుట్టుడట! మన ఇంట్ల నూలుకు కరువా, చుట్టెటోళ్లకు కరువా? దీనికి పండుగ దాకా ఆగాల్నట!" నూలు ఎటువైపు తిప్పి చుట్టాలో ఆయన చూడలేదు. నేతపనివాడికి నూలు చుట్టడం ఇంకొకడు చెప్పాలా అన్న ధీమా.

ఒకే పొడుగు పైపు కొనడం దుబారా అని పాత ఇనుప సామాను దుకాణంలో మూరెడు, రెండు మూరల ముక్కలు తూకానికి తెచ్చాడు. ఎక్కడో కూలగొట్టిన లాడ్జీవట. పదకొండు ముక్కలు, ప్రతి ముక్కకూ రెండు కొసలా మరలు. ముక్కకూ ముక్కకూ మధ్య బిగించడానికి గొట్టాలు. వాకిలి నుంచి మగ్గం గది గోడ వెంబడి వంటింటి దాకా వీటన్నిటినీ రైలు డబ్బాల్లా తగిలించాలని ఆయన పథకం. గల్లీ మూల కిరాణం దుకాణం వీరేశం మామ వచ్చి చూసి మెచ్చుకున్నాడు. వీరేశం మామ దుకాణంలో ఉప్పు, పప్పు, వాస్తు దొరికేవి. మూడోది ఉద్దెరగా కూడా ఇచ్చేవాడు.

మా ఇంట్లో నేయడం మగవాళ్ల పని, చుట్టడం ఆడవాళ్ల పని. కనుక బాపు పైపు ముక్కలు తెచ్చి అవ్వ ముందు పోశాడు. అవ్వ మొదటి ముక్క ఒళ్లో పెట్టుకొని, మర ఉన్న కొసను తనవైపు తిప్పుకొని, వేళ్లతో ఒక్కొక్క చుట్టే వేసింది. తర్వాత ముక్కను తిప్పి, రెండో కొసను తనవైపు పెట్టుకొని మళ్లీ అలాగే చుట్టింది. చాలా నెమ్మది. నాకు అప్పుడు పదేళ్లు, లెక్కల్లో క్లాసులో ఫస్టు. తెలివి ఎక్కువై ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వయసు.

"అవ్వా, గిట్లయితె రేపటిదాక గాదు. చరఖాకు ఎక్కియ్యి. ఒక్కపాలె రెండు కొసలు అయితయి" అన్నాను.

అవ్వ చెయ్యి ఆపింది. "పుల్ల వేరు, పైపు వేరు బిడ్డా. దీనికి రెండు మూతులున్నయి గదా" అంది.

బాపు అప్పటికే పొంగిపోయాడు. "నా బిడ్డ తెలివి చూసినవానే? నువ్వు చరఖా పట్టి ఇన్నేండ్లాయె, నీకు తోచిందా? ఎక్కియ్యి బిడ్డా, ఎక్కియ్యి!"

చరఖాలో తిరిగే ఇనుప పుల్లకు, కదురుకు, నేనే గుడ్డ పేలిక చుట్టి, దాని మీదికి పైపు ముక్కను ఎక్కించాను. నేను చక్రం తిప్పాను, అవ్వ నూలు పట్టింది. ఆ కొస నుంచి ఈ కొసకు నూలు జరజరా పాకింది. మిగిలిన పది ముక్కలూ అన్నం ఉడికేలోగా అయిపోయాయి. చుట్టినవి చుట్టినట్టు నేను వరుసగా, అన్నీ ఒకే దిక్కుకు ఉండేలా పేర్చి బాపుకు అందించాను. నోటుబుక్కుల్లో అంచులు గీసుకునే పిల్లను, నాకు పని శుభ్రంగా ఉండాలి. అవ్వ చేత్తో చుట్టిన మొదటి ముక్క వాకిలి దగ్గర పడింది. మిగతావి వరుసగా వెనక్కి వెళ్లాయి.

రెండో రోజు పొద్దున నీళ్లు వదిలే వేళకు గల్లీ సగం మా వంటింట్లో ఉంది. బాపు కొబ్బరికాయ కొట్టాడు. నల్లా తిప్పితే ముందు గాలి దగ్గింది, తర్వాత తుప్పు వచ్చింది, ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. సన్నటి ధార. అవ్వ దోసిలి పట్టింది. ఇంట్లో నిలబడి నీళ్లు పట్టుకోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. దోసిలి నిండినా చెయ్యి తియ్యలేదు. ఆ ముఖం నేను మరిచిపోలేదు.

ధార అంత సన్నగా ఎందుకు ఉందో ముందు గదిలోంచి బాపమ్మ కేకతో తెలిసింది. మేమంతా వంటింట్లో పండుగ చేసుకుంటుంటే మగ్గం గదిలో పది చోట్ల నీళ్లు చిమ్ముతున్నాయి. గుంత నిండి, నేల మీదికి పొంగి, పడుగు తడిసింది. గంజి కరిగి దారాలు అతుక్కుపోయాయి. ఎర్ర అంచు రంగు తెల్ల దారంలోకి దిగింది. నెల రోజుల పని. బాపు గుంతలోకి దూకాడు, ఎందుకో ఆయనకూ తెలియదు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పడుగు పట్టుకొని అరిచాడు.

తర్వాత మూడు రోజులు మా మగ్గం గది దవాఖాన వార్డులా ఉంది. ప్రతి అతుకుకూ ఒక కట్టు. ఒకరు సైకిలు ట్యూబు ముక్క కట్టమన్నారు, ఒకరు లక్క కరిగించి పోశారు, ఒకరు గోధుమపిండి ముద్ద పెట్టారు, దాన్ని చీమలు తిన్నాయి. బాపమ్మ పసుపు అద్దమంది, అదీ అద్దాం. వచ్చిన ప్రతి మగవాడూ పానా అందుకుని ఇంకొక చుట్టు బిగించి, "ఇగ కారది" అని టీ తాగి వెళ్లాడు. కారింది. చివరికి వీరేశం మామ చేతులు వెనక్కి కట్టుకొని వాకిలి నుంచి వంటింటి దాకా రెండుసార్లు నడిచి, అసలు సంగతి కనిపెట్టాడు.

"బావా, ఒక్కటి చూసినవా? ప్రతి ముక్కకు పడమటి కొసనే కారుతాంది. తూర్పు కొస ఒక్కటన్న కారుతాందా చూడు!"

చూశాం. నిజమే. ఒక్కటీ కారడం లేదు.

"ఈశాన్యం మూల ముక్కకైతె ఏ దిక్కు గూడ చుక్క లేదు. తూర్పుకెల్లి పడమరకు నీళ్లు నడిపిస్తరా ఎవలన్న? నీళ్లే వద్దంటున్నయి బావా! వంటిల్లు తెచ్చి ముంగట పెట్టు, మగ్గం ఎనుకకు తీస్కపో. అన్ని అవే ఆగుతయి."

శాస్త్రానికి ఇంత గట్టి రుజువు ఏనాడూ దొరికి ఉండదు. ముక్కలన్నీ ఒకే దిక్కుకు పేర్చిన నా శుభ్రత ఆ రోజు వాస్తుకు పెద్ద సేవ చేసింది. బాపు నిజంగానే వంటింటి గోడ కూల్చడానికి సుత్తి వెతికాడు. అదృష్టం కొద్దీ సుత్తి కూడా ఆయన బాగుచేసినదే, పిడి ఊడి వచ్చింది. ఆ సందులో పండుగ ముగిసి ఖాసిం భాయ్ వచ్చాడు.

ఖాసిం భాయ్ కట్లన్నీ విప్పి, ఒక ముక్క ఊడదీసి వెలుతురులో పెట్టి చూసి, బాపు వైపు తిరిగాడు. "అరె మల్లన్నా, గీ నూలు ఎవలు చుట్టిన్రు? మస్తు సఫాయిగ ఉన్నది. మా ఉస్తాద్‌ గూడ గిట్ల చుట్టలే. గని ఒక కొస సీదా ఉన్నది, ఒక కొస ఉల్టా ఉన్నది. బిగిస్తాంటె ఉల్టా దారం ఎదురు తిరిగి ఊడొస్తాంది. గందుకే కారుడు."

బాపు గుండెల మీది బరువు దిగింది. తప్పు తనది కాదు, వాస్తుది కూడా కాదు. "ఇగో, వింటున్నవా? రోజుకిన్ని కండెలు చుట్టే చెయ్యి, ఇయ్యాల్నే ఉల్టా తిరిగిందా నీకు? నెల రోజుల పడుగు గుంతల పోస్తివి గదనే!" అని అవ్వ మీద విరుచుకుపడ్డాడు. అవ్వ ఖాసిం భాయ్ చేతిలోని ముక్క వంక చూసింది, తర్వాత వాకిలి దగ్గర ఉన్న మొదటి ముక్క వంక చూసింది. నేల మీద పడ్డ కట్లు ఏరడం మొదలుపెట్టింది. నేను చరఖా పక్కన నిలబడి ఉన్నాను. చరఖా ఎప్పుడూ ఒకవైపే తిరుగుతుంది కదా, ఉల్టా ఎలా వస్తుంది, అవ్వే ఎక్కడో చెయ్యి తప్పి ఉంటుంది అనుకున్నాను. లెక్కల్లో ఫస్టు.

అక్కడితో ఆగినా బాగుండేది. పానాలు పట్టిన మగవాళ్లందరూ బిగించి బిగించి ఒక ముక్క మీది మరలను అరగదీశారు. పైపు మీది మరలను ఖాసిం భాయ్ చూడీ అనేవాడు, గాజు చుట్టులా ఉంటాయని వాళ్ల మాట. మా గల్లీలో చూడి అంటే పశువు కడుపుతో ఉండటం. ఆ ముక్క పైకెత్తి ఖాసిం భాయ్ గట్టిగా, "మల్లన్నా, దీనికైతె చూడి పోయింది. ఇగ పనికి రాదు" అన్నాడు.

చీకటి గదిలోంచి బాపమ్మ గొంతు వచ్చింది. "ఎవలి బర్రెకురా?"

చిరాకులో ఉన్న బాపు, "మన ఇంట్లనేనే, నువ్వు పండుకో జర!" అన్నాడు.

బాపమ్మ పండుకోలేదు. వాకిట్లోకి వచ్చి కూర్చుని, దారిన పోయే ప్రతి మనిషికీ చెప్పింది. సాయంత్రానికి పక్క గల్లీ నుంచి ఒకావిడ "ఎన్నో నెల ఉండె పాపం?" అంటూ పలకరింపుకు వచ్చింది. రాత్రికల్లా కథ పూర్తి రూపం తెచ్చుకుంది. రాజవ్వ చెయ్యి ఉల్టా తిరిగింది, మగ్గం మునిగింది, బర్రెకు చూడి పోయింది. మాకు బర్రె లేదు. ఎన్నడూ లేదు. మా పొడుగు ఇంట్లో బర్రెను తోలితే వెనక్కి తిప్పడానికి కూడా చోటు ఉండదు. ఆ సంగతి గల్లీలో అందరికీ తెలుసు. అయినా అంత మంచి కథలో బర్రె లేకపోవడం ఎవరికీ అడ్డం కాలేదు.

ఖాసిం భాయ్ ఒకే పొడుగు పైపు తెచ్చి ఒక్క పూటలో పని ముగించాడు. వంటింట్లో నల్లా నిండు ధారతో పారింది. వారం తిరక్కుండా ఎదురింటివాళ్లు కొత్త పడుగు ఎక్కించారు. ఆ పొద్దున అవ్వ పని తొందరగా ముగించుకొని, ముఖం కడుక్కొని, తల దువ్వుకొని మగ్గం గది గడప దగ్గర కూర్చుంది. పళ్లెం వాకిట్లోకి రాలేదు. ఎదురింట్లో నాడె చప్పుడు మొదలైంది. అవ్వ ఇంకాసేపు కూర్చుంది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి, నిండుగా ఉన్న బిందెలోకే నల్లా తిప్పి నిలబడింది. నీళ్లు పొర్లి పోతున్నాయని చెప్పడానికి వెళ్లి, ఆమె ముఖం చూసి చెప్పకుండా వచ్చేశాను. ఆ తర్వాత మా ఇంటికి పళ్లెం ఎన్నడూ రాలేదు. అవ్వ ఇంటి కండెలు చుడుతూనే ఉంది, కానీ వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం నేను మళ్లీ చూడలేదు. బాపు చెడ్డవాడేం కాదు. కోపం రెండు రోజుల్లో పోయింది. కాకపోతే జరిగినదాన్ని వచ్చిన ప్రతి చుట్టానికీ నవ్వుతూ చెప్పాడు. నవ్వించే కథ చేతికి దొరికితే వదులుకునే రకం కాదు. ఆ రకం నాకూ వచ్చింది.

ఇప్పుడు హనుమకొండలో అపార్టుమెంటు రెండో అంతస్తులో నేనూ అవ్వా ఉంటున్నాం. హసన్‌పర్తి పాలు పొంగిన వారానికి మా వంటింటి సింకు కింద నల్లా కారడం మొదలైంది. నేను ఏ జోకూ వెయ్యలేదు. ప్లంబరుకు ఫోన్ చేస్తే "దార్ల ఉన్న మేడం" అన్నాడు. మూడు రోజులు దారిలోనే ఉన్నాడు, ఆ లెక్కన కాశీ చేరి ఉండాలి. ఫోన్లో పనివాళ్లను పంపే సంస్థ ఒకటుంది, అది నా పేరు, వయసు, సంతృప్తి అన్నీ అడిగింది, మనిషిని మాత్రం పంపలేదు. అపార్టుమెంటు గ్రూపులో పెడితే పన్నెండు మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అప్పట్లో చేసేవాడు లేక ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లు, దానికి పేరు లేదు. ఇప్పుడు దానికి డీఐవై అని పేరుంది, వీడియోలున్నాయి, "ఎవరైనా చేయొచ్చు" అని నవ్వుతూ చెప్పే కుర్రాళ్లున్నారు. వాళ్ల చొక్కాకు తడి అంటదు. హార్డ్‌వేర్ దుకాణంలో పైపు ముక్క, తెల్ల టేపు అడిగితే సేటు, "ఎవలు జేస్తరు మేడం?" అన్నాడు. నేనే అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి టేపు రెండు చుట్టలు ఇచ్చాడు.

మేడ మీది ట్యాంకు వాల్వు కట్టేసి, వీడియో పెట్టుకొని నేల మీద కూర్చున్నాను. పాత పైపుకూ నల్లాకూ మధ్య బెత్తెడు ముక్క, రెండు కొసలా మరలు. "మర ఉన్న కొసను మీవైపు తిప్పుకోండి, గడియారం ముల్లు తిరిగే వైపు టేపు చుట్టండి" అన్నాడు కుర్రవాడు. చుట్టాను. రెండో కొసకు మళ్లీ తిప్పడం ఎందుకని అదే ఊపులో, ముక్కను వేళ్ల మధ్య దొర్లిస్తూ ఆ కొస దాకా టేపు పోనిచ్చాను. అయిపోయింది. ఎందుకైనా మంచిదని రెండో కొసను నావైపు తిప్పి చూశాను. టేపు ముల్లుకు ఎదురుగా తిరిగి ఉంది.

మళ్లీ తిప్పాను. మళ్లీ చూశాను. ముక్కను ఒకేవైపు దొర్లిస్తూ రెండు కొసలూ చుడితే ఒకటి సవ్యం, ఒకటి అపసవ్యం. తప్పదు. చరఖా అంటే అదే, ఒకేవైపు తిరిగేది. అవ్వ చేత్తో చుట్టిన ముక్క ఎందుకు కారలేదో, మిగతా పదీ ఒకే కొసన ఎందుకు కారాయో అర్థమైంది. ముప్పై ఏళ్లు పిల్లలకు సవ్య దిశ, అపసవ్య దిశ బోర్డు మీద బాణం గుర్తులు గీసి చెప్పాను. తెలియనివాళ్లను బెంచీ ఎక్కించాను.

అవ్వ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ముక్క చేత్తో పట్టుకొని వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.

"అవ్వా, గా పైపుల తప్పు నీ చేతిది గాదు. చరఖాకు ఎక్కియ్యమన్నది నేను. దానితోనే ఉల్టా అయింది."

అవ్వ తల ఎత్తలేదు. "నాకెర్కే" అంది.

"ఎప్పటికెల్లి ఎర్క?"

"ఖాసిం ముక్క ఇప్పి చూపెట్టిననాడే. చేతితోని చుట్టింది కారలే, చరఖా మీదియి కారినయి. గదేమన్న పెద్ద లెక్కనా?"

"మరి బాపు తిడ్తాంటె ఎందుకు చెప్పలె? గల్లీ అంత గట్ల అంటాంటె? గిన్నేండ్లు నేను గూడ నవ్వితిని గదా అవ్వా!"

అవ్వ చిక్కుడుకాయ పక్కన పెట్టి, నన్ను తెలివి తక్కువదాన్ని చూసినట్టు చూసింది. "చెప్తె నీ చెయ్యి అందురు. నాకైతె నా వంతు నడిచింది, మస్తు కండెలు చుట్టిన. నీకు పదేండ్లు. గప్పుడే చెయ్యి మంచిది గాదని పేరు పడితె రేపు నీకు మొదటి కండె ఎవలిస్తరే?"

ఆ మరుసటి ఏడే బాపు నన్ను చదువుకు హాస్టల్లో వేశాడు. నేను జీవితంలో ఒక్క కండె చుట్టలేదు. నన్ను ఎవరూ అడగలేదు, నాకు చుట్టడం రాదు కూడా.